విదేశాలలో మన విద్యార్థులు: పంపేముందు అడగవలసిన ప్రశ్నలు

(కొత్తపల్లెలో మన సంక్షేమ సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పిలిచినప్పుడు, "మాస్టారూ, మన పిల్లలు విదేశాలకు చదువుకు ఎట్లా పోవాలో నాలుగు మాటలు చెప్పండి" అని కోరినారు. ఎట్లా పోవాలో చెప్పడానికి నంద్యాలలోనూ కర్నూలులోనూ కన్సల్టెన్సీలు వున్నాయి, హైదరాబాదులో అయితే వీధికొకటి వున్నది. వాళ్ళు కుర్చీ వేసి, టీ ఇచ్చి మరీ చెబుతారు. కనుక ఆ పని వాళ్ళకు వదిలిపెట్టి, పోయినవాళ్ళ అనుభవం ఏమిటి, ఆ అనుభవం మన చెవికి నిజంగా చేరుతున్నదా లేదా అనే విషయం మీ ముందు పెడతాను.

నేను విదేశంలో చదివినవాణ్ణి కాను. ముప్పై ఏళ్ళు ఈ చుట్టుపక్కల పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి. నా దగ్గర చదివిన వాళ్ళు ఇప్పుడు అమెరికాలో వున్నారు, జర్మనీలో వున్నారు, వైద్యం చదవడానికి కిర్గిజ్‌స్తాన్ దాకా పోయినవాళ్ళూ వున్నారు. పండుగకు వచ్చినప్పుడు మా యింటికి వచ్చి కూర్చుంటారు. ఇంట్లో అమ్మానాయనలతో చెప్పలేని మాటలు నాతో చెబుతారు. ఆ మాటలు విని విని, ఇవి నలుగురిలో చెప్పకపోతే తప్పు అనిపించి ఈనాడు నిలబడినాను.

సోదరులారా, చదువు కోసం సముద్రం దాటడం మనకు కొత్త కాదు. సరోజినీ నాయుడు హైదరాబాదులో పుట్టిన బిడ్డ. పదహారేళ్ళ వయసులో, 1895లో, నిజాం ప్రభువు మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన ఉపకార వేతనంతో ఇంగ్లండుకు పోయింది. లండన్‌లో కింగ్స్ కాలేజీలో, తరువాత కేంబ్రిడ్జిలో గిర్టన్ కాలేజీలో చదివింది. ఆరోగ్యం చెడి 1898లో డిగ్రీ లేకుండానే తిరిగి వచ్చింది. డిగ్రీ లేదని ఆమెను ఎవరైనా తక్కువగా చూసినారా? ఈ మాట గుర్తు పెట్టుకోండి, దీనితో చివర్లో పని వున్నది.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి చూడండి. మామగారు కూడబెట్టిన డబ్బు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన మాట, ఈ రెండే ఆసరాగా హార్వర్డుకు పోయినారు. అక్కడ ఉపకార వేతనం లేదు. రాత్రిపూట ఒక ఆసుపత్రిలో కూలి పని చేసినారు. రోగుల మలమూత్రాలు ఎత్తే పని కూడా చేసి చదువుకున్నారు. 1930లో పి.హెచ్.డి. పొంది, తరువాత ప్రపంచమంతా వాడుకునే మందులకు కారకులైనారు. ఒక ధర్మసంస్థ అండ ఎంత దూరం పోతుందో దీనివల్ల తెలుస్తుంది. కూలి పని చేసి చదవడంలో సిగ్గు లేదని కూడా తెలుస్తుంది. హైదరాబాదుకే చెందిన ఆబిద్ హసన్ సాహెబ్ ఇంజనీరింగు చదవడానికి జర్మనీకి పోయి, అక్కడ నేతాజీని కలిసి, 1943లో ఆయన వెంట జలాంతర్గామిలో ప్రయాణం చేసినారు. ‘జైహింద్’ అనే నినాదం ఆయన చలవే అంటారు.

ఆ కాలంలో పోయేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఇప్పుడట్లా కాదు. 2024-25 విద్యా సంవత్సరంలో ఒక్క అమెరికాలోనే 3,63,019 మంది భారతీయ విద్యార్థులు వున్నట్లు అక్కడి లెక్క. చైనాను దాటి మన దేశం మొదటి స్థానానికి పోయింది 2023-24లో. ఇందులో తెలుగు పిల్లల వంతు చాలా పెద్దది. వీళ్ళందరూ కోటీశ్వరుల బిడ్డలు కారు. కె.సి. కాలువ కింద రెండెకరాలున్న రైతు కొడుకు, మెకానిక్ షెడ్డు నడిపే భాయ్ కొడుకు, బట్టలు కుట్టి చదివించిన తల్లి కూతురు, కువైత్‌లో పదేళ్ళు డ్రైవరు పని చేసిన తండ్రి బిడ్డ, వీళ్ళు కూడా పోతున్నారు. ఇది సంతోషించవలసిన విషయమే. అయితే కోటీశ్వరుని బిడ్డ చదువు తప్పి వస్తే ఆ యింట్లో ఒక సంవత్సరం పోతుంది. మన బిడ్డ తప్పి వస్తే పొలం పోతుంది, ఇల్లు పోతుంది, చెల్లెలి పెళ్ళి ఆగుతుంది.

నేను లెక్కల మాస్టారిని గదా, ఒక్క లెక్క చెప్పనివ్వండి. ముప్పై అయిదు లక్షలు అప్పు తెచ్చినారనుకుందాం. వడ్డీ నూటికి ఏడాదికి పదిన్నర, తీర్చే గడువు పదేళ్ళు. చదువుకునే కాలంలో పడే వడ్డీని పక్కన పెట్టి చూసినా, నెలకు కట్టవలసింది సుమారు 47,000 రూపాయలు. బిడ్డకు అక్కడ ఉద్యోగం వస్తే ఇది భారం కాదు. ఇక్కడికే తిరిగి వచ్చి నెలకు ముప్పై వేల ఉద్యోగంలో చేరితే, జీతమంతా కట్టినా ఇంకా పదిహేడు వేలు తక్కువ. వడ్డీ అప్పు తీసుకోవచ్చునా కూడదా అన్నది మన ఇళ్ళలో వేరే చర్చ. దానికి ఆలిములు వున్నారు. నేను అంకె మాత్రమే చెబుతున్నాను. ఈ అంకె తండ్రికి తెలియాలి, కొడుక్కీ తెలియాలి, సంతకం పెట్టకముందే తెలియాలి.

ఇప్పుడు అక్కడి బతుకు ఎట్లా వుంటుందో, పిల్లలు చెప్పినది చెప్పినట్టు చెబుతాను.

మొదటి కష్టం తిండిదీ కాదు, చలిదీ కాదు. తరగతిదే. మన దగ్గర గైడు చూసి, బట్టీ పట్టి, పరీక్షకు ముందు నెల రోజులు కూర్చుంటే గట్టెక్కుతాము. అక్కడ వారం వారం రాసి ఇవ్వాలి. పుస్తకంలోని వాక్యాన్ని ఎత్తి రాస్తే, పక్కవాడిది చూసి దింపితే, అది దొంగతనంగా లెక్క. పట్టుబడితే సున్నా మార్కులతో పోదు, విశ్వవిద్యాలయం నుంచే తీసివేయవచ్చు. మా ఊళ్ళో నోట్సు పంచుకోవడం స్నేహం, అక్కడ అది నేరం అని తెలుసుకునే లోపల మొదటి సెమిస్టరు అయిపోయిందని ఒక పిల్లవాడు నాతో అన్నాడు. ఇంకొక ఆడబిడ్డ చెప్పింది: "సార్, అక్కడ ప్రొఫెసరును ప్రశ్న అడగకపోతే మనకు ఏమీ రాదనుకుంటారు. ఇక్కడ ప్రశ్న అడిగితే ఎదురు చెప్పినావంటారు. నోరు తెరవడానికి నాకు ఆరు నెలలు పట్టింది." కనుక మన బడుల్లో, కాలేజీల్లో పిల్లలకు ప్రశ్న అడిగే అలవాటు, సొంత మాటల్లో రాసే అలవాటు చేయించడమే విదేశీ చదువుకు మొదటి మెట్టు. దీనికి కన్సల్టెన్సీకి ఫీజు కట్టనక్కరలేదు.

రెండవది పని. అమెరికాలో విద్యార్థి వీసా మీద పోయినవాడు చదువు జరిగే రోజుల్లో విశ్వవిద్యాలయం ఆవరణలోనే, వారానికి ఇరవై గంటలు మించకుండా పని చేయవచ్చు. గ్రంథాలయంలో పుస్తకాలు సర్దడం, భోజనశాలలో గిన్నెలు కడగడం, ఇట్లాంటివి. బాగా జరిగితే దానితో గది అద్దె, తిండి గడుస్తాయి. ఫీజు గడవదు. "పోతే చాలు, పని చేసుకుని అప్పు తానే తీర్చుకుంటాడు" అని మన వాకిళ్ళలో అనుకునే మాట లెక్కకు నిలవదు. ఆ మాట నమ్మి పోయిన పిల్లవాడు ఆవరణ దాటి పెట్రోలు బంకులో, హోటల్లో దొంగచాటుగా పనికి కుదురుకుంటాడు. జీతం తక్కువ ఇచ్చినా అడగలేడు, యజమాని తిట్టినా పోలీసు దగ్గరికి పోలేడు. దొరికితే వీసా పోతుంది. రోజూ ఆ భయంతో నిద్రపోయే బిడ్డ ఫోనులో అమ్మతో ఏమంటాడు? "బాగున్నానమ్మా" అంటాడు.

మూడవది ఒంటరితనం. ఉత్తర దేశాల్లో చలికాలంలో మధ్యాహ్నం నాలుగు గంటలకే చీకటి పడుతుంది. ఎండాకాలంలో రంజాన్ వచ్చిన సంవత్సరాల్లో జర్మనీలో వున్నవాళ్ళు పద్ధెనిమిది గంటలకు పైగా ఉపవాసం వుండి పరీక్షలు రాసినారు. అయితే అక్కడ తోడు దొరకదని కాదు. 1963లోనే అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ముస్లిం విద్యార్థుల సంఘం మొదలైంది. ఇప్పుడు చాలా విశ్వవిద్యాలయాల్లో దానికి శాఖలు వున్నాయి, జుమా నమాజుకు, ఇఫ్తారుకు చోటు వుంటుంది. తెలుగువారి సంఘాలు తానా, ఆటా వంటివి ఆపదలో ఆదుకుంటాయి. పోయిన మొదటి వారంలోనే బిడ్డ ఇట్లాంటి నలుగురిని వెతుక్కోవాలి. గది, ల్యాప్‌టాపు, గది అని తిరిగేవాడు త్వరగా కుంగిపోతాడు.

ఇక అసలు విషయానికి వస్తాను. నాకు చెప్పిన ఈ కష్టాలను ఆ పిల్లలు ఇంట్లో చెప్పరు. ఎందుకు చెప్పరు? పొలం తాకట్టు పెట్టి పంపిన నాయనకు "ఇక్కడ కష్టంగా వుంది" అని చెప్పడానికి నోరు రాదు. చెప్పినా ఆ యింట్లో ఏమి చేయగలరు, నిద్ర పోగొట్టుకోవడం తప్ప? ఇది మనకు తెలిసిన కథే. గల్ఫుకు పోయినవాళ్ళు వెనకటికి ఉత్తరాల్లో, క్యాసెట్లలో ఇదే మాట పంపేవారు: "నేను ఇక్కడ క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను." యాభై డిగ్రీల ఎండలో వున్నా క్షేమమే. ఆ మాటలో ప్రేమ వున్నది, దానిని తప్పు పట్టను. కానీ ఆ మాటను మన యింటివాళ్ళే కాదు, పక్కింటివాళ్ళూ వింటారు. "ఫలానావాళ్ళ అబ్బాయి బాగున్నాడంట, మనవాణ్ణీ అదే కాలేజీకి పంపుదాం" అంటారు. ఒకడు దాచిన కష్టం రెండవవాడికి సలహా అవుతుంది. ఇది ఎక్కడిదాకా పోతుందో రెండు సంఘటనలు చెబుతాను.

మొదటిది 2011 జనవరిలో జరిగింది. కాలిఫోర్నియాలో ప్లెజంటన్ అనే ఊళ్ళో ట్రై వ్యాలీ యూనివర్సిటీ అని ఒకటి వుండేది. పదిహేను వందలకు పైగా విద్యార్థులు, అందులో అత్యధికులు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. అమెరికా ప్రభుత్వాధికారులు దాడి చేసి దానిని మూసివేసినారు. అక్కడ చదువు పేరుకే జరిగింది. సగం మందికి పైగా విద్యార్థులు సన్నీవేల్ అనే ఊళ్ళో ఒకే అపార్టుమెంటులో వుంటున్నట్టు కాగితాల మీద రాసి వున్నది. నిజానికి వాళ్ళు దేశం నలుమూలలా పనులు చేసుకుంటున్నారు. కొందరు పిల్లల కాళ్ళకు, ఎక్కడికి పోయినా తెలిసేటట్టు, రేడియో పట్టీలు తొడిగినారు. ఆ ఫోటోలు మన పత్రికల్లో వచ్చినప్పుడు ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలగలేదు. భారత ప్రభుత్వం గట్టిగా అభ్యంతరం చెప్పింది. ఆ సంస్థను నడిపిన ఆమెకు 2014లో పదహారేళ్ళకు పైగా జైలుశిక్ష పడింది. అయితే పిల్లలు కట్టిన డబ్బు, పోయిన ఏళ్ళు ఎవరు తిరిగి ఇస్తారు?

ఆ పిల్లలు అక్కడికి ఎట్లా చేరినారో గమనించండి. కొత్త విద్యార్థిని చేర్పిస్తే, చేర్పించినవాడికి ఫీజులో వాటా ఇచ్చే పద్ధతి అక్కడ వుండేది. అంటే చదువుకోవడానికి పోయినవాడినే దళారిని చేసినారు. మనవాడు, తెలుగువాడు, పక్క ఊరివాడు చెప్పినాడని రెండవవాడు నమ్మినాడు.

రెండవది 2019 జనవరి చివరలో జరిగింది. మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. దానిని నడిపింది ఎవరనుకుంటున్నారు? సాక్షాత్తూ అమెరికా ప్రభుత్వ వలస అధికారులే. వలలో ఎవరు పడతారో చూడడానికి మారువేషంలో పెట్టిన సంస్థ అది. దానికి వెబ్‌సైటు వున్నది, గుర్తింపు ఇచ్చే సంస్థల జాబితాలో పేరు వున్నది, ఒక భవనంలో కార్యాలయం వున్నది. అధ్యాపకుడు లేడు, తరగతి లేదు. ఆరు వందల మందికి పైగా చేరినారు. మొదటి విడత పట్టుకున్న 130 మందిలో 129 మంది భారతీయులు. ఆ సంవత్సరం ముగిసేనాటికి పట్టుబడినవాళ్ళు సుమారు 250 మంది. ఎక్కువమంది తెలుగు పిల్లలే. పిల్లలను చేర్పించిన ఎనిమిది మంది మీద కేసులు పెట్టినారు, వాళ్ళూ మనవాళ్ళే. తెలిసే చేరినారని ప్రభుత్వం అన్నది. మమ్మల్ని మోసం చేసి ఫీజు తీసుకున్నారని కొందరు విద్యార్థులు కోర్టుకు పోయినారు. ఎవరిది ఎంత తప్పో నేను తీర్పు చెప్పడం లేదు. మనకు కావలసిన పాఠం వేరు.

సోదరులారా, గుర్తింపు వున్నదా అని అడిగితే ఫార్మింగ్టన్ ఆ పరీక్షలో నెగ్గేది. వెబ్‌సైటు చూస్తే నెగ్గేది. అక్కడ చేరిన మనవాణ్ణి "బాగుందా" అని అడిగితే, "బాగుంది" అనే జవాబే వచ్చేది. కానీ ఒక చదువురాని తల్లి ఫోనులో "నాయనా, ఈ వారం నీకు పాఠం చెప్పిన అయ్యవారి పేరేమి? ఏమి చెప్పినాడు?" అని అడిగి వుంటే, ఆ రెండు సంస్థల గుట్టూ ఆ రోజే బయటపడేది. నేను ఈనాడు మీకు చెప్పదలచుకున్నది ఇదొక్కటే. "బాగున్నావా" అన్నది ప్రశ్న కాదు, అది సలాముకు సలాము. పేరు, సమయం, చోటు చెప్పవలసి వచ్చే ప్రశ్న అడగండి. దానికి బిడ్డ అబద్ధం చెప్పలేడు, దళారి అసలే చెప్పలేడు.

వైద్యం చదువు విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ఇక్కడ సీటు రాని పిల్లలు ఉక్రెయిన్, కిర్గిజ్‌స్తాన్, ఫిలిప్పీన్స్, జార్జియా వంటి దేశాలకు పోతున్నారు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైనప్పుడు బంకర్లలో దాక్కున్న మన పిల్లల ముఖాలు టీవీలో చూసినాము. ‘ఆపరేషన్ గంగా’ పేరుతో ప్రభుత్వం ఇరవై వేలకు పైగా మందిని తీసుకువచ్చింది. 2024 మేలో కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల వసతి గృహాల మీద అల్లరిమూకలు పడినాయి. ఇవి ఎవరూ ముందుగా చెప్పలేనివి. ముందుగా తెలుసుకోగలిగినవి వేరే వున్నాయి. నీట్‌లో అర్హత లేకుండా పోతే ఆ చదువు ఇక్కడ చెల్లదు. 2021 నవంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం కోర్సు 54 నెలలకు తగ్గకూడదు, ఇంగ్లీషులో జరగాలి, మొదలుపెట్టిన చోటే ముగియాలి, అక్కడే పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, ఆ దేశంలో వైద్యం చేసే అర్హత కూడా రావాలి. తిరిగి వచ్చినాక ఇక్కడ మరో పన్నెండు నెలలు. దానితో పాటు విదేశీ వైద్య పట్టభద్రుల పరీక్షలో 300కు 150 మార్కులు తెచ్చుకోవాలి. చాలా సంవత్సరాలలో ఆ పరీక్ష రాసిన నలుగురిలో ఒకరికి మించి నెగ్గలేదు. ఏజెంటు చూపే రంగుల పుస్తకంలో ఈ సంగతి వుండదు. "మీ కాలేజీ నుంచి వచ్చినవాళ్ళలో ఎందరు రాసినారు, ఎందరు నెగ్గినారు, ఒకరి ఫోను నంబరు ఇవ్వండి" అని మీరే అడగాలి. నంబరు ఇవ్వలేనివాడికి డబ్బు ఇవ్వకండి.

దేశాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. జర్మనీలో ఎక్కువ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు దాదాపు లేదు. అయితే ఒక సంవత్సరం ఖర్చుకు ముందే డబ్బు అక్కడి ఖాతాలో చూపాలి, 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. అక్కడ ఉద్యోగం కావాలంటే వాళ్ళ భాష నేర్వక తప్పదు. కెనడా చూపవలసిన సొమ్మును 2024 జనవరి నుంచి రెట్టింపు చేసి 20,635 డాలర్లు చేసింది. బ్రిటన్ అదే నెల నుంచి మామూలు ఎం.ఎస్సీ. వంటి కోర్సులకు వచ్చేవాళ్ళు భార్యనో భర్తనో తెచ్చుకోవడానికి వీలు లేకుండా చేసింది. అమెరికా 2025 మే చివరలో కొన్ని వారాలు కొత్త విద్యార్థి వీసా అపాయింట్‌మెంట్లు ఇవ్వడమే ఆపింది. అంటే మూడేళ్ళ కిందట పోయివచ్చినవాడి సలహా ఈ ఏడాదికి సరిపోదు. అడగడం ప్రతి సంవత్సరం కొత్తగా అడగాలి.

ప్రభుత్వ సహాయం గురించి కూడా రెండు మాటలు. మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువు అప్పుల మీద వడ్డీ భరించే ‘పఢో పర్‌దేశ్’ అనే కేంద్ర పథకం 2022-23 నుంచి నిలిచిపోయింది. ఇంకా వున్నదని చెప్పి దరఖాస్తుకు డబ్బు అడిగేవాళ్ళను నమ్మకండి. తెలంగాణలో మైనారిటీలకు విదేశీ ఉపకార వేతనం 2015లో మొదలైంది, అది ఆ రాష్ట్రంవారికి. మన రాష్ట్రంలో 2022లో ప్రకటించిన పథకం ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 200 లోపు విశ్వవిద్యాలయాల్లో సీటు వచ్చినవాళ్ళకు అని పెట్టినారు. ఇట్లాంటి పథకాల నియమాలు ప్రభుత్వాలతో పాటు మారుతుంటాయి. కనుక నంద్యాల పోయి జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో ఆ సంవత్సరపు ఉత్తర్వు కాగితం అడిగి చూసిన తరువాతే ఆశ పెట్టుకోండి.

ఆడబిడ్డల మాట ఎత్తకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. "అబ్బాయినైతే పంపుతాము, అమ్మాయిని ఎట్లా?" అని అడిగే తండ్రులు వున్నారు. వారి భయం నాకు తెలుసు. కానీ నా దగ్గరకు వచ్చి నిజం చెప్పిన పిల్లల్లో ఎక్కువమంది ఆడబిడ్డలే. ఫీజు ఎంత, గదిలో ఎవరున్నారు, ప్రయోగశాల నుంచి రాత్రి ఎట్లా వస్తుంది, అన్నీ అడగకముందే చెబుతారు. ఎందుకంటే వాళ్ళను పంపేముందు ఇంట్లో పది ప్రశ్నలు అడుగుతారు, వాళ్ళు పదింటికీ జవాబు వెతుక్కుని పోతారు. అబ్బాయిలను ఒక్క ప్రశ్న అడగకుండా పంపుతున్నాము. ఆ పది ప్రశ్నలు ఇద్దరినీ అడుగుదాం, జవాబు సరిగ్గా వుంటే ఇద్దరినీ పంపుదాం.

ఇక మన సంఘం ఏమి చేయవచ్చు? లక్షలు ఇవ్వగలిగే స్తోమత మనకు లేదని నాకు తెలుసు. ఖర్చు లేని మూడు పనులు చెబుతాను.

ఒకటి, సంఘం దగ్గర ఒక పెద్ద నోటుపుస్తకం పెట్టండి. విదేశంలో చదివే, చదివివచ్చిన మన చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు, ఏ మతంవారైనా సరే, ఒప్పుకుంటే వాళ్ళ వివరాలు అందులో వుండాలి. ఏ విశ్వవిద్యాలయం, ఏ కోర్సు, మొత్తం ఖర్చు ఎంత, ఎంత కాలానికి ఉద్యోగం వచ్చింది, రాకపోతే రాలేదని. కొత్తగా పోయేవాడు ముందు ఆ పుస్తకం చదవాలి.

రెండు, పండుగ సెలవులకు వచ్చిన పిల్లలను ఒక సాయంత్రం పిలిచి కూర్చోబెట్టండి. సన్మానం వద్దు, శాలువా వద్దు. శాలువా కప్పితే మనిషి కష్టం చెప్పలేడు. టీ ఇచ్చి, "నీ తమ్ముడు అదే కాలేజీకి పోతానంటే ఏమి చెబుతావు?" అని అడగండి. తమ్ముడి పేరు ఎత్తితే ఎవడైనా నిజమే చెబుతాడు.

మూడు, పోయేముందు ప్రతి కుటుంబం అయిదు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసుకోవాలి. పాఠం చెప్పేది ఎవరు, వారానికి ఎన్ని గంటలు? మొత్తం ఖర్చు ఎంత, నెలకు తీర్చవలసింది ఎంత? చట్ట ప్రకారం ఎంత పని చేయవచ్చు? అక్కడ ఇప్పుడు చదువుతూ, మనల్ని చేర్పిస్తే కమీషను రాని మనిషి ఒకరు ఏమన్నారు? అయిదవది, అనుకున్నది జరగకపోతే ఏమి చేస్తాము?

ఈ అయిదవ ప్రశ్న దగ్గర కాసేపు ఆగుతాను. మన ఇళ్ళలో దీనిని అశుభమని అడగరు. కానీ 2011లో, 2019లో పట్టుబడిన పిల్లల్లో ఎందరో ఏదో తేడా వుందని అంతకు ముందే గ్రహించి వుంటారు. గ్రహించీ తిరిగి రాలేకపోయినారంటే కారణం డబ్బు ఒక్కటే కాదు, ముఖం. "ఊళ్ళో ఏమనుకుంటారు" అనే మాట. నా దగ్గర చదివిన ఒక పిల్లవాడు మధ్యలో తిరిగి వచ్చి, ఎనిమిది నెలలు పగలు బజారులోకి రాలేదు. దొంగతనం చేసినవాడు కూడా అంతకాలం దాక్కోడు. వాడు చేసిన నేరమల్లా, ఫీజు కట్టి దొంగపని చేయడం కంటే ఇంటికి రావడం మేలని అనుకోవడమే. వాణ్ణి చూసి మనం "ఏమప్పా, వచ్చేసినావా?" అని అడిగిన తీరు వుంది చూడండి, అది విన్న ఇంకొక పిల్లవాడు అక్కడే వుండిపోయి ఇంకా లోతుకు దిగుతాడు.

అందుకే సరోజినీదేవి సంగతి గుర్తు పెట్టుకోమన్నాను. డిగ్రీ లేకుండా తిరిగి వచ్చిన బిడ్డకు ఆమె ఇంట్లో తలుపు తెరిచే వుంది. ఆ తరువాత ఆమె దేశానికి ఏమైందో మీకు తెలుసు.

తల్లులారా, తండ్రులారా, బిడ్డ విమానం ఎక్కేముందు అడగవలసినవన్నీ గట్టిగా అడగండి, నిర్దయగా అడగండి. ఎక్కిన తరువాత మాత్రం ఒక మాట చెప్పి పంపండి: "నాయనా, చదువు మంచిదైతే కష్టపడి పూర్తి చేయి. అది మోసమని తెలిస్తే ఆ రోజే మాకు చెప్పు, వచ్చేయి. పొలం పోతే మళ్ళీ చూసుకుందాం." ఈ మాట విని పోయిన బిడ్డ మోసగాడి వలలో ఎక్కువకాలం వుండడు. అబద్ధం చెప్పవలసిన అవసరమూ వాడికి రాదు.